సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చిన ఎఫ్‌ఐ బండికి మ్యాప్ మార్చాల్సిందేనా?

గుంటూరు నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. ఈసీయూ అంటే బండిలోని కంప్యూటర్, మ్యాప్ అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో అందులో రాసి ఉన్న పట్టిక. ఆయన 2022లో 349 సీసీ ఎఫ్‌ఐ (ఫ్యూయెల్ ఇంజెక్షన్) బండి కొన్నారు. కంపెనీ సైలెన్సర్ తీసేసి బయట కొన్న ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించారు, నెల తర్వాత కాటన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించి, ఆ ఫిల్టర్ కూర్చునే ఎయిర్ బాక్స్ మూతకు రెండు రంధ్రాలు కూడా చేయించారు. అప్పటి నుంచి యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపటపమని పేలుతోంది, 3000 ఆర్‌పీఎం దగ్గర పికప్ తడబడుతోంది, లీటరుకు 36 కిలోమీటర్లు ఇచ్చిన బండి 29కి పడిపోయింది. మిశ్రమం లీన్ అయింది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది కాబట్టి 18 వేలతో, పెట్రోలు మోతాదు మార్చే ట్యూనింగ్ పెట్టె వేయించుకోవాలని ఒక మెకానిక్ అన్నారట. ఏమీ అక్కర్లేదు, ఈసీయూ తానే నేర్చుకుంటుందని స్నేహితుడు చెబుతున్నాడట. వీరిలో ఎవరి మాట వినాలన్నది ఆయన సందేహం.

సూటిగా చెబుతాను. ఇప్పుడే పెట్టె కొనవద్దు. ముందుగా ఇంజిన్ హెడ్ నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చే బెండ్ పైపుకు హెడ్ దగ్గర ఉండే గ్యాస్కెట్ మార్పించి, ఎయిర్ బాక్స్ మూతకు చేసిన రంధ్రాలు మూయించి, ఆ తర్వాత మిశ్రమాన్ని మీటరుతో కొలిపించండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ బండి నిజంగా లీన్‌గా నడుస్తున్నట్లు నాకు అనిపించడం లేదు. ఎక్కడో గాలి లీకు ఉండటం వల్ల ఈసీయూ పొరపడి పెట్రోలు ఎక్కువగా పోస్తోందన్నది నా అనుమానం. ఇందుకు ఆధారం మీరే ఇచ్చారు, అది మైలేజీ. సాధారణ వేగంలో మిశ్రమం పలచబడిన బండి వేడెక్కుతుంది, తడబడుతుంది, అంతేగాని లీటరుకు ఏడు కిలోమీటర్లు పోగొట్టుకోదు. కొత్త శబ్దం బాగుందని మీరు చేయి ఎక్కువగా తిప్పుతూ ఉండవచ్చు. దానికి ఒకటి రెండు కిలోమీటర్లు తీసేసినా మిగిలిన నష్టానికి వేరే కారణం ఉండి తీరాలి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ద్విచక్ర వాహనాల పని చేస్తున్నాను. మొదటి పదేళ్లు కార్బురేటర్ బండ్లే చూశాను, ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ ఎఫ్‌ఐ బండ్లు. ఈ ప్రశ్న నెలకు రెండు మూడుసార్లైనా నా దగ్గరకు వస్తుంది కాబట్టి కారణాలతో సహా వివరంగా రాస్తున్నాను.

స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ సమ నిష్పత్తిని లాంబ్డా 1 అంటారు. మీ బెండ్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌కు తెలిసింది ఈ ఒక్క గీత మాత్రమే. మిశ్రమం గీతకు చిక్కటి వైపు ఉంటే దాదాపు 0.9 వోల్టులు, పలచని వైపు ఉంటే దాదాపు 0.1 వోల్టు చూపుతుంది. ఎంత చిక్కన, ఎంత పలచన అన్నది అది నమ్మకంగా చెప్పలేదు. ఇంజిన్ వేడెక్కిన తర్వాత స్లోలోనూ (బండి ఆగి ఇంజిన్ ఆడుతున్నప్పుడు), హైవేపై ఒకే వేగంలో నిదానంగా వెళ్తున్నప్పుడూ ఈసీయూ ఈ సెన్సర్ మాట వింటూ, ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయాన్ని క్షణక్షణం సవరిస్తుంది. దీనినే క్లోజ్డ్ లూప్ అంటారు. ఆ సవరణ ఎప్పుడూ ఒకే దిశలో అవసరమవుతుంటే దానిని జ్ఞాపకంలో రాసి పెట్టుకుంటుంది. మీ స్నేహితుడు నేర్చుకోవడం అన్నది దీనినే, అంతవరకు ఆయన మాట నిజం.

కానీ మీరు ఓవర్‌టేక్ చేయడానికి యాక్సిలరేటర్ గట్టిగా తిప్పిన క్షణం నుంచి ఈసీయూ ఆ సెన్సర్‌ను పక్కనపెట్టి, కంపెనీ తన సైలెన్సర్, తన ఎయిర్ బాక్స్ మీద పరీక్షించి రాసిన పట్టికను చూసి పెట్రోలు పోస్తుంది. నేర్చుకున్న సవరణలో కొంత భాగాన్ని అక్కడా కలిపే ఈసీయూలు ఉన్నాయి, అసలు కలపనివీ ఉన్నాయి. అందువల్ల ప్రమాదం ఉన్న చోట, అంటే ఎక్కువ లోడు మీద, ఆ నేర్చుకోవడం మిమ్మల్ని కాపాడుతుందని గ్యారంటీ లేదు. మెకానిక్ మాటలోని నిజం అది. గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ వైపు వాక్యూమ్‌ను కొలిచే సెన్సర్ ఉన్న బండి గాలిలో వచ్చిన మార్పును కొంతవరకు పసిగడుతుంది. థ్రాటిల్ ఎంత తెరిచారన్నదే ప్రధానంగా చూసే బండికి ఆ మార్పు తెలియదు.

ఇక ఏ మార్పుకు ఏం అవసరమో నా అనుభవంలో చూసినది చెబుతాను. కంపెనీ బెండ్ పైపు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్), ఎయిర్ బాక్స్ అన్నీ అలాగే ఉండి చివరి సైలెన్సర్ ఒక్కటే మారితే, లోపల శబ్దం తగ్గించే బ్యాఫిల్ ఉన్న మంచి సైలెన్సర్ అయినంతవరకు, మ్యాప్ మార్చాల్సిన అవసరం చాలా అరుదు. కంపెనీ బాక్స్‌లోనే అదే కొలత కాటన్ ఫిల్టర్ పెట్టినా తేడా స్వల్పమే, ఎందుకంటే గాలిని అదుపు చేసేది ఫిల్టర్ కన్నా బాక్స్ ముందున్న గొట్టం. ఆ గొట్టం తీసేసినా, మూతకు రంధ్రాలు చేసినా, బాక్స్ పూర్తిగా తొలగించి నేరుగా పాడ్ ఫిల్టర్ బిగించినా లెక్క మారిపోతుంది. క్యాట్ ఉన్న పైపు తీసేసి ఖాళీ పైపు వేసినప్పుడూ అంతే. ఈ రెండూ కలిసిన బండికి కొలిచి సరిచేయించడం తప్పనిసరి. మీరు అవసరం లేని స్థితికీ, తప్పనిసరి అయిన స్థితికీ మధ్యలో ఉన్నారు. మ్యాప్ వరకు చూస్తే సైలెన్సర్‌తో పరవాలేదు, లెక్క మార్చేది మూత రంధ్రాలే. మీ బండిలో క్యాట్ బెండ్ పైపులో ఉందో, తీసేసిన సైలెన్సర్‌లోనే పోయిందో కూడా ఒకసారి చూసుకోండి, బండిని బట్టి అది మారుతుంది.

లీకు సంగతి ముందుగా ఎందుకు తేల్చుకోవాలంటే, సింగిల్ సిలిండర్ ఇంజిన్ పైపులో పొగ ఒకే ధారగా పోదు. ఒక తోపు వెంట ఒక తోపుగా వెళ్తుంది, తోపుకూ తోపుకూ మధ్య పైపులో పీడనం బయటి గాలి కన్నా తగ్గిపోతుంది. హెడ్ దగ్గర గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే ఆ క్షణంలో బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. పక్కనే ఉన్న సెన్సర్‌కు ఆ గాలిలోని ఆక్సిజన్ కనపడుతుంది, మిశ్రమం పలచగా ఉందని అది చెబుతుంది, ఈసీయూ నమ్మి పెట్రోలు పెంచుతుంది. అసలు మిశ్రమం సరిగ్గానే ఉన్నా రోజురోజుకూ చిక్కబడి మైలేజీ పోతుంది. అదే లీకు గుండా యాక్సిలరేటర్ మూసినప్పుడు కూడా గాలి చేరి, కాలకుండా వచ్చిన పెట్రోలు ఆవిరి వేడి పైపులో అంటుకుని టపటప పేలుతుంది. మైలేజీ పడిపోవడానికీ, పేలుళ్లకూ ఈ ఒక్క కారణం సరిపోతుంది.

రెండేళ్ల క్రితం తెనాలి నుంచి వచ్చిన ఒక బండికి అప్పటికే వేరే చోట రెండుసార్లు మ్యాప్ మార్పించారు. మార్చిన ప్రతిసారీ పది రోజులు బాగుండి మళ్లీ మొదటికి వచ్చేదట. నేను ఈసీయూలోని సమాచారం చదివే ఓబీడీ రీడర్ పెట్టి చూస్తే ఈసీయూ నేర్చుకున్న సవరణ దాదాపు పరిమితి అంచున, పెట్రోలు పెంచే వైపు ఉంది. బెండ్ పైపు విప్పితే నలిగిపోయిన పాత గ్యాస్కెటే మళ్లీ వాడి ఉంది, హెడ్ మీద ఒక పక్క మసి చార కనపడుతోంది. కొత్త గ్యాస్కెట్ వేసి, రెండు నట్లనూ కొంచెం కొంచెంగా సమానంగా బిగించి, నేర్చుకున్న సవరణను చెరిపి పంపించాను. ఆ బండికి ఆ తర్వాత ట్యూనింగ్ అవసరం రాలేదు. సైలెన్సర్ మార్చేటప్పుడు పాతది ఊడి రాకపోతే బెండ్ పైపును పట్టుకుని అటూ ఇటూ గుంజుతారు, అప్పుడే హెడ్ దగ్గర గ్యాస్కెట్ కదిలిపోతుంది. మార్చింది వెనక భాగమే కదా అని ముందు భాగం ఎవరూ చూడరు.

లీకు పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ చివర బ్లోయరుతో గాలి ఊది, కీళ్ల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలు వచ్చే చోటు తెలిసిపోతుంది. ఇన్‌టేక్ వైపు థ్రాటిల్ బాడీ రబ్బరు బూటు కూడా చూడాలి, మన ఎండలకు ఆ రబ్బరు ముందే పగుళ్లు ఇస్తుంది. స్లోలో ఉండగా బూటు చుట్టూ కొద్దిగా నీళ్లు చిమ్మితే, పగులు ఉన్నట్లయితే స్లో మారుతుంది. కొందరు పెట్రోలో కార్బ్ క్లీనరో చిమ్ముతారు. వేడి ఇంజిన్ మీద అది మంటలకు దారితీస్తుంది, దయచేసి చేయవద్దు.

పేలుళ్ల గురించి ఇంకొక మాట. చాలా బండ్లలో పొగను శుభ్రం చేయడానికి ఎగ్జాస్ట్ పోర్టులోకి కొద్దిగా తాజా గాలి పంపే వాల్వు కంపెనీయే పెట్టి ఉంటుంది. కంపెనీ సైలెన్సర్‌లో ఆ చిన్న మంటల శబ్దం బయటకు రాదు, ఖాళీ సైలెన్సర్‌లో వినపడుతుంది. అందువల్ల దిగుడులో అప్పుడప్పుడు వచ్చే మెత్తని శబ్దం జబ్బు కాదు. గట్టిగా తుపాకీ పేలినట్లు వస్తే మాత్రం లీకు వెతకాలి.

అలాగే పైపు నీలం రంగుకు తిరిగిందని భయపడి వచ్చేవారు చాలామంది. కంపెనీ పైపులు ఎక్కువగా రెండు పొరలవి, అందుకే బయటి పొర రంగు మారదు. బయట కొన్న ఒంటి పొర పైపు మిశ్రమం సరిగా ఉన్నా నీలం తిరుగుతుంది. స్పార్క్ ప్లగ్గు రంగు చూసి తీర్పు చెప్పే పాత అలవాటు కూడా ఎఫ్‌ఐ బండికి అంతగా పనికిరాదు, మీరు ఆగిన చోట స్లోలో ఏం జరిగిందో చెబుతుందే తప్ప ఫుల్ థ్రాటిల్‌లో ఏం జరిగిందో చెప్పదు.

కాబట్టి కొలవాలి. ఎంత చిక్కన, ఎంత పలచన అన్నది కూడా చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను పైపులో బిగించి, ఆర్‌పీఎం, థ్రాటిల్ తెరుపుతో పాటు మిశ్రమాన్ని రికార్డు చేయాలి. బండిని రోలర్ల మీద నిలిపి పరీక్షించే డైనో మీద చేయిస్తే అన్నిటికన్నా మేలు, ఎందుకంటే ఫుల్ థ్రాటిల్ పరీక్ష రోడ్డు మీద చేయదగిన పని కాదు. కాజ టోల్ దాటాక రోడ్డు ఖాళీగా ఉందని ఆ పని చేసి ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు. గాలితో చల్లబడే ఇలాంటి ఇంజిన్‌కు నేను చూసుకునే అంకెలు ఇవి: నిదానపు వేగంలో లాంబ్డా 1 దగ్గర, ఫుల్ థ్రాటిల్‌లో 0.87 నుంచి 0.90 మధ్య. పెట్రోలు లెక్కలో చెప్పాలంటే ఈ రెండోది సుమారు 12.8 నుంచి 13.2. ఫుల్ థ్రాటిల్‌లో 0.95 దాటి పలచబడితే సరిచేయాల్సిందే, లేకపోతే పిస్టన్, ఎగ్జాస్ట్ వాల్వు, హెడ్ ఓర్వలేనంత వేడెక్కుతాయి. 0.82 కన్నా చిక్కబడితే పవర్ పెరగదు, సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను పెట్రోలు కడిగేస్తుంది.

అంకెలను లాంబ్డాలో చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు మన బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ20కి సమ నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. మీటరు తెర మీద 14.7 అని కనపడినా అది పెట్రోలు లెక్కలోకి మార్చి చూపే అంకె మాత్రమే. లాంబ్డా చూస్తే ఏ ఇంధనమైనా అయోమయం ఉండదు. ఈ తేడాను ఎఫ్‌ఐ బండి క్లోజ్డ్ లూప్‌లో సవరించుకుంటుంది, కార్బురేటర్ బండి సవరించుకోలేదు. పాత జెట్లతోనే (పెట్రోలును కొలిచి వదిలే రంధ్రాలతోనే) ఉన్న కార్బురేటర్ బుల్లెట్ ఏ సైలెన్సరూ మార్చకుండానే, ఈ10తో నడిచిన రోజుల కన్నా ఈ20తో సుమారు 4 శాతం పలచగా నడుస్తుంది. దాని మీద ఫ్రీ ఫ్లో సైలెన్సర్ కూడా వేస్తే జెట్ మార్చక తప్పదు.

కార్బురేటర్ బండ్లవారు కూడా ఇది చదువుతారు కనుక వారి కోసం కొంత రాస్తాను. యాక్సిలరేటర్ గ్రిప్పు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు, పూర్తి గుర్తులు పెట్టుకోండి. తెరుపు మొదటి పావు వరకు ప్రధానంగా పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు వరకు నీడిల్, ఆపైన మెయిన్ జెట్ పనిచేస్తాయి. ఏ గుర్తు దగ్గర ఇబ్బంది వస్తోందో దానిని బట్టి భాగం మార్చాలి. నేను మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి, తర్వాత నీడిల్, చివరగా పైలట్ చూస్తాను, ఎందుకంటే నీడిల్ గుండా వచ్చే పెట్రోలు కూడా మెయిన్ జెట్ దాటే వస్తుంది. ఒకసారికి ఒక్క మెట్టు మాత్రమే మార్చాలి. క్లిప్‌ను కింది గాటులో పెడితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. నీడిల్‌కు గాట్లు లేని సీవీ కార్బురేటర్లలో (స్లైడు కేబుల్‌తో కాక గాలి పీడనంతో లేచేవి) దాని కింద సన్నని వాషర్ వేస్తారు. స్లో స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటకు తిప్పితే చిక్కబడుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటకు తిప్పితే పలచబడుతుంది. ఈ తేడా తెలియక తలకిందులుగా తిప్పి తెచ్చిన బండ్లు ఎన్నో చూశాను. తీగతో జెట్ రంధ్రం పెద్దది చేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు, ఆ రంధ్రం మళ్లీ కొలతకు రాదు. సీవీ కార్బురేటర్‌కు పాడ్ ఫిల్టర్ పెట్టడాన్నీ నేను ప్రోత్సహించను. దాని స్లైడు గాలి పీడనాల తేడాతో లేస్తుంది, బాక్స్ తీసేస్తే ఆ పీడనం స్థిరంగా ఉండదు, సగం తెరుపు దగ్గర తడబాటు ఏ జెట్‌తోనూ పూర్తిగా పోదు.

ఈ పనిలో జాగ్రత్త నాకు నేర్పింది ఒక ఆర్‌ఎక్స్100, టూ స్ట్రోక్ బండి. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక కుర్రాడి బండికి పవర్ పెంచే ఎక్స్‌పాన్షన్ పైపు (టూ స్ట్రోక్ సైలెన్సర్) బిగించి, శబ్దం, పికప్ చూసి ఇద్దరం సంతోషించాం. మెయిన్ జెట్ ముట్టుకోలేదు. అదే సాయంత్రం గుంటూరు బయలుదేరిన ఆ కుర్రాడికి మంగళగిరి దాటాక ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ పట్టేసి వెనక చక్రం లాక్ అయింది. క్లచ్ పట్టుకోవడం తెలిసినవాడు కాబట్టి పడిపోకుండా ఆగాడు. టూ స్ట్రోక్ అంత వేగంగా మీ ఫోర్ స్ట్రోక్ పాడవదు, అయినా ఎక్కువ గాలి ఇచ్చి పెట్రోలు ఇవ్వని తప్పు ఏ ఇంజిన్‌కైనా ఒకటే.

ఎఫ్‌ఐ బండికి కొలిచాక నిజంగా పెట్రోలు పెంచాల్సి వస్తే మూడు దారులు ఉన్నాయి. సెన్సర్ వైరుకు రెసిస్టరు పెట్టి గాలి చల్లగా ఉందని ఈసీయూను నమ్మించే చౌక పరికరాలు అన్ని చోట్లా ఒకే నిష్పత్తిలో పెంచుతాయి, అవసరం లేని చోట కూడా పోస్తాయి, క్లోజ్డ్ లూప్‌లో ఈసీయూ దానిని తిరిగి తగ్గించేస్తుంది. వాటిని నేను సిఫారసు చేయను. పవర్‌ట్రానిక్, పవర్ కమాండర్ వంటివి ఈసీయూకూ ఇంజెక్టరుకూ మధ్య కూర్చుని, ఏ ఆర్‌పీఎంలో ఏ తెరుపుకు ఎంత కలపాలో విడివిడిగా చెప్పనిస్తాయి. కావాలంటే ఊడదీసి బండిని మామూలు స్థితికి తేవచ్చు కనుక మీలాంటి వారికి ఇవి తగినవి. మూడోది ఈసీయూలోని మ్యాప్‌నే తిరగరాయడం. డైనో మీద మీ బండికే రాస్తే అది మంచి పనే. ఎవరి బండికో రాసిన ఫైలును మీ బండిలో ఎక్కిస్తే, అది మీ ఎయిర్ బాక్స్ రంధ్రాల కొలత తెలియకుండా రాసినదే అవుతుంది.

వాతావరణం సంగతి కూడా చెప్పాలి. జనవరి ఉదయం 20 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల గాలి సుమారు 8 శాతం పలచన. ఎఫ్‌ఐ బండి గాలి ఉష్ణోగ్రత చూసి సర్దుకుంటుంది. కార్బురేటర్ బండి ఎండలో కొద్దిగా చిక్కబడుతుంది, చలికి పలచబడుతుంది. అందుకే మే నెలలో సరిగ్గా అంచు మీద జెట్ పెట్టించుకున్న బండి డిసెంబరులో లీన్ వైపు జారుతుంది. లంబసింగి, అరకు ఎక్కినప్పుడు గాలి పలచబడి మిశ్రమం చిక్కబడటమూ సహజమే, అక్కడ ఇబ్బంది వచ్చిందని ఇక్కడి జెట్ మార్చకండి.

చట్టం విషయం దాచకుండా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తోంది. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190(2) సెక్షను కింద 2019 సవరణ తర్వాత మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సుపై మూడు నెలల అనర్హత ఉన్నాయి. ట్యూనింగ్ ఎంత బాగున్నా శబ్దం ఎక్కువైతే ఇవేవీ తప్పవు. బీఎస్6 పొగ ప్రమాణాలు వచ్చినప్పటి నుంచి క్యాట్ తీసే పని నేను ఒప్పుకోవడం లేదు. అది తీస్తే వచ్చే లాభం చిన్నది, సిగ్నల్ దగ్గర వెనక నిలబడినవారు పీల్చే పొగ మాత్రం పెద్దది.

మీ బండికి వరుస ఇలా పెట్టుకోండి. ఈ వారం కొత్త గ్యాస్కెట్ వేయించి, మూతను కొత్తది కొని మార్చండి, కాటన్ ఫిల్టర్ ఉంచుకోవచ్చు కానీ దానికి ఆయిల్ తడి మితంగానే ఉండాలి. ఓబీడీ రీడరుతో నేర్చుకున్న సవరణలను చెరిపించండి. బ్యాటరీ వైరు తీస్తే అవి చెరిగిపోతాయని అంటారు, కొన్ని ఈసీయూలలో అలా చెరగవు. తర్వాత ఊళ్లోనూ హైవే మీదా కలిపి 200 కిలోమీటర్లు నడిపి మళ్లీ రీడర్ పెట్టించండి. సవరణ పది శాతం లోపు ఉండి, పేలుళ్లు మెత్తబడి, మైలేజీ 34 దాటితే పెట్టె అవసరం లేదు. సవరణ ఇంకా 15 శాతం మించి ఉన్నా, మిశ్రమం పలచగా ఉందని చెప్పే పీ0171 కోడ్ వచ్చినా, 3000 దగ్గర తడబాటు అలాగే ఉన్నా ఆ అంకెలు, బెండ్ పైపు కీలు ఫోటో ఇక్కడే పెట్టండి, వైడ్‌బ్యాండ్ కొలత ఎక్కడ బిగించి ఎలా తీయాలో మీ బండికి తగినట్లు చెబుతాను.